ఒక్క తూటాకు మనిషి ఆగుతాడా? ఆత్మరక్షణలో స్టాపింగ్ పవర్ మీద ఏమి ఆశించాలి, ఏమి ఆశించకూడదు

9 ఎం.ఎం. పిస్టల్‌కి స్టాపింగ్ పవర్ (దాడి చేసేవాడిని ఆపే శక్తి) చాలదు, .45 అయితే ఒక్క దెబ్బకే మనిషి వెనక్కి ఎగిరి పడతాడు అంటారు, నిజమేనా? ఆత్మరక్షణకు ఏ క్యాలిబర్ (బుల్లెట్ అడ్డకొలత: 9 ఎం.ఎం. అంటే మిల్లీమీటర్లలో, .45 అంటే అంగుళాల్లో), ఏ రకం తూటా తీసుకోవాలి? ఇదీ అడిగిన ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. పిస్టల్, రివాల్వర్ తూటాల్లో మనిషిని ఒక్క దెబ్బకు ఖాయంగా ఆపేది ఏదీ లేదు. 9 ఎం.ఎం. అలా ఆపదు, .45 ఆపదు, .357 మాగ్నమ్ కూడా ఆపదు. గుండెకే తగిలినా ఎదుటివాడు ఇంకో పది పదిహేను సెకన్లు దాడి కొనసాగించగలడు. తూటా ఎంపిక కంటే ఆ పది పదిహేను సెకన్లు మీరేం చేస్తారన్నదే ముఖ్యం. (మాటల్లో తికమక రాకుండా: తూటా అంటే బుల్లెట్, మందు, మందును అంటించే క్యాప్, వీటిని పట్టి ఉంచే షెల్ కలిసిన పూర్తి రౌండు. బుల్లెట్ అంటే గొట్టంలోంచి బయటికి పోయే లోహపు ముక్క. వాడుకలో 'తూటా తగిలింది' అన్నచోట తగిలేది బుల్లెట్టే.)

మనిషి ఎగిరి పడడం సినిమాలో తాడు కట్టి లాగే పని. లెక్క చూడండి. 9 ఎం.ఎం. బుల్లెట్ బరువు సుమారు 8 గ్రాములు, వేగం సెకనుకు 350 మీటర్లు. బరువును కిలోల్లో తీసుకుని వేగంతో గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం 2.8. అదంతా 70 కిలోల మనిషి ఒంట్లో దిగినా అతను వెనక్కి కదిలేది సెకనుకు 4 సెంటీమీటర్ల వేగంతో. .45 బుల్లెట్ దాదాపు 15 గ్రాములు, వేగం సెకనుకు 260 మీటర్లు. దానికి ఐదున్నర సెంటీమీటర్లు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతికి ద్రవ్యవేగం 6 పైనే, అంటే 9 ఎం.ఎం. బుల్లెట్‌కి రెట్టింపు కంటే ఎక్కువ. ఛాతీకి బంతి తగిలిన బ్యాట్స్‌మన్ నొప్పితో వంగిపోతాడు గానీ ఎగిరి వికెట్ల మీద పడడు. పైగా బుల్లెట్ ఎదుటివాడిని ఎంత తోస్తుందో తుపాకీ కాల్చేవాడిని కనీసం అంత తంతుంది. చేతిని తన్నిన దెబ్బకు మీరు పడిపోనప్పుడు ఛాతీకి తగిలినవాడు ఎందుకు పడాలి?

శక్తిని కొలిచే జౌళ్ల లెక్కా ఇంతే. రెండు తూటాల శక్తీ 500 జౌళ్ల దగ్గరే ఉంటుంది. డబ్బా మీద అచ్చువేసిన ఆ సంఖ్యను బట్టి మనిషి ఎంత త్వరగా ఆగుతాడో చెప్పలేం. బుల్లెట్ చేసేది రంధ్రం. రంధ్రం ఎక్కడ పడింది, ఎంత లోతుగా పడింది, ఎంత వెడల్పుగా పడింది అన్నవే గాయాన్ని నిర్ణయిస్తాయి, ప్రాధాన్యం కూడా సరిగ్గా ఆ వరుసలోనే.

దాడి చేసే మనిషి ఆగడానికి దారులు మూడు. మొదటిది నాడీవ్యవస్థ. మెదడు కింది భాగం గానీ మెడ దగ్గర వెన్నుపాము గానీ దెబ్బతింటే ఒళ్లు అక్కడికక్కడే కూలిపోతుంది. తక్షణం ఆపే దారి ఇదొక్కటే. కానీ అవి చిన్నవి, ఎముక చాటున ఉంటాయి, తల నిలకడగా ఉండదు. ప్రాణభయంతో వణికే చేతులతో కదిలే తలకు గురిపెట్టడాన్ని ప్రణాళిక అనుకోవద్దు.

రెండోది రక్తస్రావం. గుండె, పెద్ద ధమనులు తెగితే రక్తపోటు పడిపోయి మెదడుకు రక్తం అందదు. ఇక్కడే చాలామంది అంచనా తప్పుతుంది. విశ్రాంతిగా ఉన్న మనిషి గుండె నిమిషానికి సుమారు ఐదున్నర లీటర్లు తోడుతుంది, పోరాటంలో అది రెట్టింపు కావచ్చు. ఒంట్లో ఉన్న రక్తంలో ఐదో వంతు పోతే మనిషి కుదేలవడం మొదలవుతుందనుకుందాం. 70 కిలోల మనిషికి అది దాదాపు 840 మిల్లీలీటర్లు. బృహద్ధమని పూర్తిగా తెగి, గుండె గరిష్ఠంగా కొట్టుకుంటున్నా అంత రక్తం బయటికి పోవడానికి నాలుగున్నర సెకన్లు పడుతుంది. ఇది అన్నీ కలిసివచ్చిన లెక్క. అసలు గుండే నాశనమైనా, అప్పటికే మెదడుకు చేరిన ఆక్సిజన్‌తో మనిషి పది పదిహేను సెకన్లు తెలివితో, ఇష్టప్రకారం చేతులు ఆడించగలడు. గుండెను తాకకుండా ఊపిరితిత్తిలోంచి పోయిన గాయమైతే నిమిషాలు పట్టవచ్చు. కడుపు గాయం మనిషిని గంటల తర్వాత చంపవచ్చు గానీ ఆ క్షణంలో ఆపకపోవచ్చు. చంపడం వేరు, ఆపడం వేరు. ప్రాణాంతకమైన గాయం అనగానే దాడి ఆగిందని కాదు.

మూడోది మనసు. కాల్పుల తర్వాత ఎక్కువమంది ఆగేది ఇలాగే. తుపాకీ కనిపించగానే కొందరు పారిపోతారు, చప్పుడుకే కొందరు కూర్చుండిపోతారు, చేతికి చిన్న గాయమైనా "నన్ను కాల్చేశారు" అన్న ఎరుకతో కొందరు నేలమీద పడిపోతారు. ఈ ఆగడంలో క్యాలిబర్ పాత్ర దాదాపు లేదు, .22 కూడా ఇలా చాలామందిని ఆపుతుంది. ఫలానా తూటా "ఇంత శాతం మందిని ఒక్క దెబ్బకు ఆపింది" అన్న పట్టికలు నమ్మదగినవి కాకపోవడానికి ఇదే ముఖ్య కారణం. భయపడి పారిపోయినవాడినీ, గుండె చీలి కూలినవాడినీ ఒకే గడిలో లెక్కవేస్తే వచ్చే శాతం దేన్నీ కొలవదు. ఒకే ఒక్క తూటా తగిలిన ఘటనలనే తీసుకుని, రెండు మూడు తగిలినవాటిని పక్కన పెడితే ఆ పట్టిక పుట్టుకలోనే పక్షపాతం ఉంది, ఎందుకంటే మొదటి తూటాకు ఆగనివాడికే రెండోది తగులుతుంది. మీరు భయపడాల్సింది మనసు ఆగనివాడి గురించి. కోపం, మత్తు, మతిస్థిమితం తప్పడం, లేదా ఒట్టి మొండి పట్టుదల ఉన్నవాడు నొప్పిని లెక్కచేయడు. ఆ క్షణంలో చాలామందికి తూటా తగిలిన సంగతే తెలియదు.

దీనికి చరిత్రలో బాగా పరిశీలించిన ఉదాహరణ 1986 ఏప్రిల్ 11న అమెరికాలోని మయామీలో ఆ దేశపు కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి, ఇద్దరు బ్యాంకు దోపిడీదారులకు జరిగిన కాల్పులు. ఎనిమిది మంది ఏజెంట్లు, ఎదుట ఇద్దరు. ఆ దోపిడీదారుల్లో మైకేల్ ప్లాట్ అన్నవాడికి మొదట్లోనే ఒక 9 ఎం.ఎం. హాలో పాయింట్ (ముక్కున గుంట ఉండి ఒంట్లో విచ్చుకునే బుల్లెట్) కుడి పైచేతిలోంచి దూరి, ఛాతీలోకి వెళ్లి, ఊపిరితిత్తిని చీల్చి, గుండెకు ఓ అంగుళం ముందు ఆగిపోయింది. ఆ గాయంతో అతను బతికేవాడు కాదు. కానీ ఆ తర్వాతే అతను ఇద్దరు ఏజెంట్లను చంపాడు, ఇంకొందరిని గాయపరిచాడు. అతనికి మొత్తం పన్నెండు తూటా గాయాలు. శవపరీక్షలో మత్తుపదార్థాలేవీ లేవు. బుల్లెట్ తయారైనట్టే పనిచేసింది, విచ్చుకుంది, ఆగింది. అడ్డంగా ఒక చెయ్యి వచ్చినందువల్ల లోతు చాలలేదు.

బుల్లెట్ ఇంత లోతు దిగాలని ఇప్పుడు అందరూ చెప్పే 12 నుంచి 18 అంగుళాల కొలత అక్కడినుంచే వచ్చింది. మనిషి ఛాతీ అంత మందం ఉండదు కదా, 12 అంగుళాలు ఎందుకని అడుగుతారు. ఎదుటివాడు బొమ్మలా ఎదురుగా నిలబడడు. చేతులు ముందుకు చాచి ఆయుధం పట్టుకుని ఉంటాడు, పక్కకు తిరుగుతాడు, వంగుతాడు. బుల్లెట్ ముందు ముంజేయి, తర్వాత భుజం, ఆ తర్వాత ఏటవాలుగా ఛాతీ దాటి గుండె దాకా పోవాలి. 12 అంగుళాలు, అంటే 30 సెంటీమీటర్లు, ఇలాంటి కోణాలకు కనీసపు కొలత. 18 దాటితే, అంటే 45 సెంటీమీటర్లు మించితే, వెనక ఉన్నవాళ్లకు ప్రమాదం పెరుగుతుంది.

ఈ లోతు కొలిచేది మనిషి కండకు బదులుగా వాడే జెలటిన్ దిమ్మలో. పది శాతం జెలటిన్ కలిపి, 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, ముందుగా 4.5 మి.మీ. ఉక్కు గుండును సెకనుకు 180 మీటర్ల వేగంతో దానిలోకి కొడతారు. గుండు 8.5 సెంటీమీటర్ల దగ్గర ఆగితే దిమ్మ సరిగా కుదిరినట్టు. ఈ సరిచూపు లేకుండా తీసిన వీడియోల్లోని లోతులు పోల్చడానికి పనికిరావు. గది వేడికి మెత్తబడిన జెలటిన్‌లో ఏ బుల్లెట్ అయినా దూరం పోతుంది. ఇంకో సంగతి: జెలటిన్ లోపల క్షణంపాటు బుడగలా ఉబ్బే పెద్ద ఖాళీని చూసి చాలామంది మోసపోతారు. అది తాత్కాలిక కుహరం. కండరం, ఊపిరితిత్తి, చర్మం రబ్బరులా సాగి మళ్లీ యథాస్థానానికి వస్తాయి. రైఫిల్ బుల్లెట్ సెకనుకు 600 మీటర్లు దాటిన వేగంతో వస్తుంది కనుక ఆ సాగుడు చిరుగుడు అవుతుంది. పిస్టల్ వేగాలకు కాలేయం లాంటి సాగని అవయవాల్లో తప్ప ఆ ఉబ్బు మీద ఆధారపడలేం. మిగిలేది బుల్లెట్ స్వయంగా నలిపిన దారే.

హాలో పాయింట్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ తేడాలు వచ్చేది ఇక్కడే. బుల్లెట్ ముక్కున గిన్నెలా గుంట ఉంటుంది. తడి కణజాలం ఆ గుంటలోకి ఒత్తిడితో నిండి అంచులను బయటికి విప్పుతుంది. 9 మి.మీ. ఉన్నది 14, 15 మి.మీ. దాకా పువ్వులా విచ్చుకుంటుంది, .45 అయితే 18 దాకా. విచ్చుకోవడంతో వేగం తగ్గి 12–18 అంగుళాల మధ్య ఆగుతుంది. విచ్చుకోవాలంటే గుంటలోకి ద్రవం వెళ్లాలి. మందపాటి జీన్స్ బట్ట దాటేటప్పుడు బుల్లెట్ గుండ్రటి బట్ట ముక్కను కత్తిరించుకుని గుంటలో కుక్కుకుంటుంది. అలాంటి బుల్లెట్‌ను దిమ్మలోంచి తీసి చూస్తే ముక్కు గుండ్రంగా, దాదాపు కాల్చకముందు లాగే ఉంటుంది, గుంటలో నీలంరంగు పోగులు గట్టిగా దిగబడి ఉంటాయి. అది ఇక మామూలు ఫుల్ మెటల్ జాకెట్ (గుంట లేకుండా పైన లోహపు తొడుగు ఉండే బుల్లెట్) లాగే 60 సెంటీమీటర్లదాకా దూసుకుపోతుంది. నాలుగు పొరల డెనిమ్ పరీక్ష పెట్టింది ఇందుకే. తూటా కొనేముందు బట్టలేని జెలటిన్ ఫలితం కాదు, డెనిమ్ ఫలితం చూడండి. ఐదు తూటాల్లో ఐదూ విచ్చుకుని 12 అంగుళాలు దాటాయా అన్నది ప్రశ్న. ఒకటి అద్భుతంగా, రెండు అరకొరగా పనిచేసిన బ్రాండు వద్దు.

గొట్టం పొడవునూ మరవొద్దు. తూటా డబ్బా మీది వేగం నాలుగైదు అంగుళాల గొట్టంతో కొలిచింది. మీది మూడంగుళాల చిన్న పిస్టల్ అయితే వేగం తగ్గుతుంది, ఆ వేగానికి రూపొందని బుల్లెట్ విచ్చుకోకపోవచ్చు. మీ గొట్టం పొడవుతోనే తీసిన పరీక్ష ఫలితం వెతకండి. విచ్చుకునే బుల్లెట్లను యుద్ధంలో వాడకూడదని 1899 హేగ్ ప్రకటన చెప్పింది. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ కర్మాగారం పేరుమీదే వాటికి ఆనాడు డమ్‌డమ్ బుల్లెట్లన్న పేరు వచ్చింది. ఆ నిషేధం సైన్యాల మధ్య యుద్ధానికి సంబంధించింది. పౌరుల విషయంలో ఒక్కోచోట ఒక్కో చట్టం ఉంటుంది, కొన్నిచోట్ల పౌరులకు హాలో పాయింట్ అనుమతి ఉండదు. అలాంటి చోట జాకెట్ తూటాయే వాడాలి, వెనక గోడ అవతల ఎవరున్నారన్నది ఇంకా గట్టిగా చూసుకోవాలి.

ఇక క్యాలిబర్. విచ్చుకోని .45 రంధ్రానికీ 9 ఎం.ఎం. రంధ్రానికీ అడ్డకొలతలో తేడా రెండున్నర మిల్లీమీటర్లు. అంటే ఒక్కో పక్కన 1.25 మి.మీ. పెద్ద బుల్లెట్ వల్ల లాభం కలగాలంటే ధమని సరిగ్గా ఆ 1.25 మి.మీ. సందులో ఉండాలి. లాభం సున్నా కాదు, కానీ దానికి బదులుగా మ్యాగజైన్‌లో (పిస్టల్‌లోకి తూటాలు అందించే డబ్బీలో) తూటాలు తగ్గుతాయి, కిక్ (తుపాకీ చేతిని వెనక్కి తన్నే దెబ్బ) పెరుగుతుంది, రెండో తూటా ఆలస్యమవుతుంది. మయామీ తర్వాత ఎఫ్‌బీఐ 10 ఎం.ఎం. వైపు వెళ్లింది, దాని కిక్ చాలామంది ఏజెంట్లకు మించిన పని అయింది, 1990లో దానికంటే తక్కువ కిక్ ఉన్న .40 ఎస్ అండ్ డబ్ల్యూ తూటా వచ్చింది. చివరికి కొత్తతరం బుల్లెట్లు మెరుగుపడ్డాక, గట్టి గురి కుదిరే తూటాయే మేలని ఆ సంస్థ మళ్లీ 9 ఎం.ఎం. దగ్గరికే తిరిగొచ్చింది. నా అభిప్రాయం కూడా అదే: 9 ఎం.ఎం.తో ఐదు తూటాలు వేగంగా ఒకే చోట పెట్టగలిగి, .45తో మూడే పెట్టగలిగేవాళ్లు 9 ఎం.ఎం. తీసుకోవాలి. .45తోనూ అదే పని చేయగలిగితే .45 తీసుకోవడంలో తప్పేమీ లేదు.

7.65 ఎం.ఎం., అంటే .32, మాత్రమే చేతికందేవాళ్లు చాలామంది ఉన్నారు. దాని బుల్లెట్ నాలుగున్నర గ్రాములే. ఇందులో హాలో పాయింట్ విచ్చుకుంటే లోతు చాలదు, లోతు వెళితే విచ్చుకున్నట్టు కాదు. కాబట్టి ఇలాంటి చిన్న క్యాలిబర్లలో జాకెట్ తూటాయే నయం, లోతు ముందు, వెడల్పు తర్వాత. .22కి ఇంకో లోపం ఉంది: మంటపుట్టించే మసాలా షెల్ అంచులో ఉంటుంది కాబట్టి పేలకుండా మొరాయించడం సెంటర్‌ఫైర్ తూటాల (క్యాప్ షెల్ అడుగు మధ్యలో ఉండేవి) కంటే ఎక్కువ. షాట్‌గన్ విషయం వేరే. 00 బక్‌షాట్‌ అనే పెద్ద గుండ్ల తూటాలో ఒక్కోటి 8.4 మి.మీ. ఉన్న గుండ్లు తొమ్మిది ఒకేసారి తగులుతాయి, దగ్గర దూరంలో పిస్టల్ దానికి సాటిరాదు. పిట్టలకు వాడే సన్నని రవ్వలు మాత్రం వద్దు, చూడడానికి భయంకరమైన గాయం చేస్తాయి గానీ లోపలికి పోవు. మనిషిని ఆపే లోతుకు చేరే పిస్టల్ బుల్లెట్ గానీ, బక్‌షాట్ గానీ జిప్సం బోర్డు గోడలను సునాయాసంగా దాటుతుంది. పక్కగదిలో పిల్లలుంటే ఏ దిక్కున కాల్చకూడదో ముందే తేల్చుకుని ఉండాలి.

ఎంత మంచి తూటా అయినా తుపాకీలోకి ఎక్కకపోతే లోహపు ముక్కే. హాలో పాయింట్ ముక్కు కొన్ని పిస్టళ్లలో ఫీడ్ ర్యాంపుకు (తూటా గొట్టంలోకి ఎక్కే ఏటవాలు దారికి) తట్టుకుని ఆగుతుంది. రక్షణకు పెట్టుకునే అదే బ్రాండు, అదే బరువు తూటాలు మీ తుపాకీలో, మీరు వాడే ప్రతి మ్యాగజైన్‌తో, ఒక్క అడ్డంకీ లేకుండా కనీసం వంద పేలాలి, రెండొందలైతే ఇంకా నయం. ఖర్చు ఎక్కువే, కానీ ఈ పరీక్ష దాటని తూటా గురించి స్టాపింగ్ పవర్ చర్చే అనవసరం.

ఎక్కువమంది గమనించనిది ఇంకొకటి. తుపాకీ శుభ్రం చేసిన ప్రతిసారీ ఛాంబర్‌లోని (గొట్టం వెనక తూటా పేలే గదిలోని) పై తూటాను తీసి మళ్లీ అదే ఎక్కిస్తుంటారు. ఎక్కినప్పుడల్లా బుల్లెట్ ముక్కు ర్యాంపుకు గుద్దుకుని కొద్దికొద్దిగా షెల్ లోపలికి దిగుతుంది. లోపలి ఖాళీ తగ్గడంతో పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఆ తూటాను డబ్బాలోని కొత్త తూటా పక్కన బల్ల మీద నిలబెట్టండి. పొట్టిగా కనిపిస్తే పక్కన పెట్టేయండి, మళ్లీ ఎక్కించొద్దు. క్యాప్ మీదికి నూనె చేరనివ్వొద్దు, లోపలికి ఇంకితే తూటా చచ్చిపోతుంది. రివాల్వర్‌లో ట్రిగ్గర్ తేలిక కావాలని స్ప్రింగ్ మార్పిస్తే సుత్తి దెబ్బ బలహీనపడి తూటా పేలకపోవచ్చు, అది మార్చకపోవడమే మంచిది.

గురి గురించి ఒక వాస్తవం. న్యూయార్క్ పోలీసులపై అమెరికా పరిశోధనా సంస్థ ర్యాండ్ 2008లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఎదుటివాడు తిరిగి కాలుస్తున్న ఘటనల్లో శిక్షణ ఉన్న పోలీసుల తూటాలు తగిలింది 18 శాతమే. వందకు పద్దెనిమిది. ఒక తూటా చాలా అని చర్చించేముందు ఆ ఒక్కటి తగులుతుందా అని అడగాలి. గుండె, పెద్ద నాళాలు ఉండేది పైఛాతీ మధ్యభాగంలో. అభ్యాసం అంతా అక్కడే, ఏడు మీటర్ల లోపల, ఒక్కో తూటాకు విడిగా గురి కుదుర్చుకుంటూ చేయాలి. కాలికి కాల్చి ఆపాలనుకోవడం రెండు రకాలా తప్పు. సన్నగా కదిలే లక్ష్యం తప్పిపోతుంది, తగిలితే తొడ ధమని తెగి మనిషి చనిపోవచ్చు, అయినా అప్పటికి ఆగకపోవచ్చు.

ఆ పది పదిహేను సెకన్ల సంగతికి వద్దాం. అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ 1983లో చూపించింది ఏమిటంటే, మామూలు మనిషి 21 అడుగులు, ఆరున్నర మీటర్లు, ఒకటిన్నర సెకనులో దాటేస్తాడు. గుండెకు తూటా తగిలిన మనిషి తనకు మిగిలిన పది సెకన్లలో ఎంత దూరం రాగలడో, ఎన్నిసార్లు కత్తి దింపగలడో లెక్క మీరే కట్టండి. అందుకే నిలుచున్నచోటే నిలబడి తూటా ఫలితం కోసం చూడొద్దు. పక్కకు కదలండి. బల్ల, మంచం, కారు, తలుపు, ఏదో ఒకటి మధ్యలో పెట్టుకోండి. తలుపు మూసి గడియ పెట్టుకునే వీలుంటే ఏ క్యాలిబర్ కంటే అదే మేలు. అతను దాడి చేస్తున్నంతసేపూ ముప్పు ఉన్నట్టే, పడిపోయినా చేతిలో ఆయుధం ఉంటే ముప్పు తీరలేదు. రక్తం కనబడుతుందని, బట్ట చిరుగుతుందని చూడకండి. చాలాసార్లు ముదురురంగు చొక్కా మీద ఏమీ కనిపించదు, అతను అరవడు కూడా. తూటా తప్పిందనుకుని కంగారుపడడం, తగిలింది కదా అని తుపాకీ దించేయడం రెండూ ప్రమాదమే. చూడాల్సింది అతని చేతులు, అతని కదలిక.

గదిలో పిస్టల్ పేలితే చప్పుడు 155 డెసిబెల్‌లు దాటుతుంది. కాసేపు చెవులు గింగురుమంటాయి, అతను "వద్దు, ఆగిపోయాను" అన్నా మీకు వినబడకపోవచ్చు. అందుకని కూడా కళ్లు చేతుల మీదే ఉండాలి. ఆయుధం వదిలేసినా, వెనుదిరిగి పారిపోతున్నా, కదలకుండా పడి ఉన్నా ఆ క్షణంలోనే కాల్పులు ఆపాలి. ఆత్మరక్షణ హక్కు ముప్పు ఉన్నంతవరకే, ఆ తర్వాత పేలిన ఒక్క తూటా మొత్తం కేసును తలకిందులు చేస్తుంది. వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, దూరంగా, చాటున ఉండి, పోలీసులకూ అంబులెన్స్‌కూ ఫోన్ చేయండి. ఎక్కడున్నారో, ఎవరు గాయపడ్డారో, మీరు ఏ రంగు బట్టల్లో ఉన్నారో చెప్పండి, వచ్చే పోలీసులకు మీరెవరో తెలియదు. వాళ్లు గుమ్మంలోకి వచ్చేసరికి మీ చేతిలో తుపాకీ ఉండకూడదు. ఆ తర్వాత మీ ఒళ్లూ ఇంట్లోవాళ్ల ఒళ్లూ తల నుంచి కాళ్లదాకా తడిమి చూడండి. మీకూ గాయమై ఉండి తెలియకపోయి ఉండవచ్చు. కాలికో చేతికో రక్తం కారుతుంటే గాయానికి పైన టోర్నికే (రక్తం ఆపడానికి బిగించే పట్టీ) బిగించి, బిగించిన సమయం రాసిపెట్టండి.